ఓటీటీ విడుదలల పక్కన చందా షరతులు కూడా ప్రచురించండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రికలో ప్రతి వారం వచ్చే ఓటీటీ విడుదలల జాబితాను మా ఇంట్లో అందరం చదువుతాం. ఏ సినిమా ఏ వేదికలో ఏ తేదీ నుంచి వస్తుందో ఆ నాలుగు వరుసల్లో తెలిసిపోతుంది. అయితే ఒక కుటుంబం నిర్ణయం తీసుకోవడానికి ఆ సమాచారం చాలదు. ఆ వేదికకు నెలకు ఎంత కట్టాలి, కట్టిన చందాతో సినిమా టీవీలో వస్తుందా ఫోనులో మాత్రమే వస్తుందా, ఒకేసారి ఎంతమంది చూడవచ్చు, తెలుగులో మాటలు వినిపిస్తాయా లేక అడుగున అక్షరాలు చదువుకోవాలా, చందాలోనే చూపిస్తారా లేక ఆ సినిమాకు విడిగా అద్దె కట్టాలా, ఏ వయసు పిల్లలతో కూర్చుని చూడవచ్చు అన్నవి అసలు ప్రశ్నలు. వాటికి జవాబు ఒకచోట దొరకకపోవడం వల్లనే మన శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో ఇళ్లు రెండు మూడు చందాలు కట్టి వాటిలో ఒకదాన్నే చూస్తున్నాయి. ఈ విషయంలో ఇంటి ఖర్చు చూసుకునే మనిషిగా నాకు తోచినవి కొన్ని మీ దృష్టికి, తోటి పాఠకుల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

మా ఇంట్లో అత్తయ్యగారు ఉన్నారు. ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఉన్నారు. మ్యాచ్ ఉన్న రోజున కంచం టీవీ ముందుకే తెచ్చుకునే మావారు ఉన్నారు. చెన్నైలో ఉద్యోగం చేసే మరిది పండుగలకు వచ్చి వెళ్తుంటాడు. జమాఖర్చుల పుస్తకం నేను రాస్తాను. పాలు, కిరాణా, కరెంటు, గ్యాసు పద్దులు వాడకాన్నిబట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. ఓటీటీ పద్దు మాత్రం చూసినా చూడకపోయినా ఒకేలా ఉంటుంది. ఆ కారణం వల్లనే దీన్ని మిగతా ఖర్చులకంటే ఎక్కువ శ్రద్ధగా చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఏ సర్వీసు అన్నిటికన్నా గొప్పదన్న ప్రశ్నకు ఇంటికి పనికొచ్చే జవాబు లేదు. ఈ నెలలో మన ఇంట్లో ఎవరు ఏమి చూస్తారు అని అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబునుబట్టి ఒక సమయంలో ఒకే చందా ఉంచుకుని, అవసరం తీరాక దాన్ని ఆపి, తర్వాతి నెలలో కావలసిన మరొకదానికి మారడం మధ్యతరగతి ఇంటికి తగిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఏడాది చందా కడితే చవక అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. కాగితం మీద అది నిజమే. కానీ ఈ రంగంలో ఏదీ ఏడాదిపాటు నిలకడగా ఉండడం లేదు. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో రేట్లు తగ్గించి, ఫోనుకు మాత్రమే పరిమితమైన ప్లానును నెలకు 199 నుంచి 149 రూపాయలకూ, టీవీలో కూడా చూడగలిగే కనీస ప్లానును 499 నుంచి 199 రూపాయలకూ దించింది. సరిగ్గా అదే నెలలో అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1,499 రూపాయలకు ఎక్కింది. 2016లో మన దేశంలో మొదలుపెట్టినప్పుడు అదే చందా 499 రూపాయలు. ఆ తర్వాత 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు ప్రవేశించాయి. అవి వద్దనుకునేవారు ఏడాదికి 699 గానీ నెలకు 129 గానీ పైన కట్టాలని అన్నారు. అంటే ప్రకటనలు లేకుండా చూడాలంటే ఏడాది ఖర్చు 2,198 రూపాయలైంది. జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అనే రెండు వేర్వేరు వేదికలు 2025 ఫిబ్రవరి 14న కలిసిపోయి జియోహాట్‌స్టార్ అనే ఒకే వేదికగా మారాయి. ఏడాది సొమ్ము ముందే కట్టేటప్పుడు మనం చూసి మెచ్చిన షరతులు ఏడాది చివరిదాకా అలాగే ఉంటాయని అనుకోవడానికి వీలు లేదని ఈ మార్పులే చెబుతున్నాయి.

నెలవారీగా కడితే ఎంత పడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. ప్రైమ్ నెల చందా 299 చొప్పున ఐదు నెలలు కడితే 1,495 రూపాయలు, అంటే ఇంచుమించు ఏడాది చందాతో సమానం. ఏడాదిలో ఆరు నెలలైనా దాన్ని తెరిచి చూసే ఇంటికే ఏడాది చందా గిట్టుబాటు అవుతుంది. మూడు నాలుగు నెలలే చూసే ఇంటికి నెలవారీయే మేలు. ప్రైమ్ చందాతోపాటు అమెజాన్‌లో కొన్న సరుకులు త్వరగా ఇంటికి చేరడం అనే సదుపాయం ఉంది కదా అంటారు. అది విలువైనదే, కానీ నగరాల్లో చేరినంత వేగంగా మన మండలాలకు చేరుతోందా లేదా అన్నది ఎవరి ఊరిలో వారు చూసుకుని, ఆ విలువను విడిగా లెక్కించుకోవాలి. మన తీరానికి ఇంకొక సంగతి కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. స్తంభాలు కూలి, తీగలు తెగి ఉన్నా ముందే కట్టిన చందా రోజులు మాత్రం కరిగిపోతూనే ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో కొత్త చందా మొదలుపెట్టకపోవడం మంచిదని తీర ప్రాంతపు మిత్రులకు నేను చెబుతుంటాను.

అన్నిటికంటే ఎక్కువగా చర్చించవలసిన విషయం, ఒకే కుటుంబం రెండు మూడు ఊళ్లలో ఉన్నప్పుడు చందా ఎవరికి చెల్లుతుందన్నది. మన జిల్లాలో కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు, అల్లుడు సైన్యంలో ఉంటాడు, మత్స్యకార కుటుంబాల మగవారు నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ రేవులో ఉంటారు. ఇంటి ఖర్చు మాత్రం అందరిదీ ఒకటే. ఒకరు చందా కడితే అందరూ వాడుకోవచ్చన్నది కొన్నేళ్ల క్రితం వరకు నడిచిన పద్ధతి. 2023 జూలై 20న నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఒక ఖాతా ఒకే ఇంట్లో కలిసి ఉండేవారికి మాత్రమే అని ప్రకటించింది. ఇంటి ఇంటర్నెట్ కనెక్షనును, అక్కడ వాడే పరికరాలను చూసి ఎవరు ఆ ఇంటివారో నిర్ణయిస్తారు. వేరే ఊళ్లో ఉన్న మనిషిని అదనపు రుసుము కట్టి చేర్చుకునే వెసులుబాటు కొన్ని దేశాలకు ఇచ్చి, అప్పట్లో మనకు ఇవ్వలేదు. ప్రైమ్ వీడియో కూడా 2025 జనవరి నుంచి ఒక ఖాతాకు ఐదు పరికరాలు, వాటిలో టీవీలు రెండుకు మించరాదన్న హద్దు పెట్టింది. కంపెనీ తన వ్యాపారం కోసం నియమం పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ నియమం మారాక కూడా మన ఇళ్లలో పాత లెక్కతోనే పెద్ద ప్లాను కడుతున్నారు; చెన్నైలో ఉన్న పిల్లవాడు కూడా చూసుకుంటాడు కదా అని ఇద్దరు ఒకేసారి చూడగలిగే 499 రూపాయల ప్లాను తీసుకుంటున్నారు. అతనికి అక్కడ తెరవడానికి ఆటంకం వస్తుంది, ఇక్కడ రెండో తెర ఖాళీగా ఉంటుంది.

అలాంటి కుటుంబం చేయవలసిన లెక్క వేరు. ఇంట్లో టీవీ ఒకటే అయితే, ఒక తెరకు చాలే 199 రూపాయల ప్లాను ఇంటికి సరిపోతుంది. అందులో బొమ్మ స్పష్టత 720 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. మన హాళ్లలో ఉండే 32 అంగుళాల టీవీలో, గోడ పక్కన కూర్చుని చూసేటప్పుడు ఆ తేడా నా కంటికైతే కనబడదు. దూరంగా ఉన్న మనిషి ఎటూ ఫోనులోనే చూస్తాడు కాబట్టి అతను 149 రూపాయల ఫోను ప్లాను విడిగా తీసుకోవచ్చు. రెండూ కలిపితే 348 రూపాయలు. 499 కంటే నెలకు 151 తక్కువ, ఎవరి చందాకు వారు యజమానులు, ఒకరు ఆపినా మరొకరికి ఇబ్బంది లేదు. ఇవి 2021 డిసెంబరులో ప్రకటించిన రేట్లు. రేపు మారినా లెక్క వేసే తీరు మాత్రం ఇదే. ఇంటి ప్లాను ఇంట్లో ఉండేవారిని చూసి, దూరాన ఉన్నవారి ప్లాను వారి ఫోనును చూసి తీసుకోవాలి.

ఫోను రీఛార్జితో ఉచితంగా వచ్చే ఓటీటీ గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. ఉచితమని రాసి ఉన్నా, రీఛార్జి ఎవరి నంబరుకు చేశారో ఆ నంబరుకే ఆ చందా అంటుకుని ఉంటుంది. చాలాసార్లు అది ఫోను తెరకు మాత్రమే పనికొచ్చే రకం. టీవీలో పెట్టబోతే పై ప్లాను కొనమంటుంది. ఒకవేళ టీవీలో వచ్చినా, లాగిన్ చేయాలంటే ఓటీపీ ఆ నంబరుకు వెళ్తుంది. కొడుకు నంబరుతో తీసుకున్న చందాను ఊళ్లో తల్లిదండ్రులు వాడుతున్నప్పుడు, టీవీ యాప్ ఏ కారణం చేతనైనా లాగౌట్ అయితే, రాత్రి డ్యూటీలో ఉన్న కొడుకు ఫోను ఎత్తేదాకా వాళ్లు ఎదురుచూడాలి. పెద్దవాళ్లు పిల్లవాడిని ఇబ్బంది పెట్టడం ఎందుకని అడగడమే మానేస్తారు. అందువల్ల ఇంటి టీవీలో వాడే చందా ఇంట్లోనే ఉండే మనిషి నంబరు మీద ఉండాలని నేను పట్టుబడతాను. అది తండ్రి నంబరు కావచ్చు, తల్లి నంబరు కావచ్చు. ఓటీపీ వచ్చే ఫోను మాత్రం టీవీ ఉన్న ఇంట్లోనే ఉండాలి.

చందా సొమ్ముకు తోడు డేటా ఖర్చు ఉంటుంది. స్పష్టమైన బొమ్మతో చూస్తే గంటకు 3 జీబీ వరకు, మామూలు స్పష్టతతో అయితే 1 జీబీ లోపు పడుతుందని నెట్‌ఫ్లిక్స్ తానే చెబుతోంది. రెండున్నర గంటల తెలుగు సినిమాను స్పష్టమైన బొమ్మతో చూస్తే దాదాపు ఏడున్నర జీబీ. రోజుకు 1.5 జీబీ ఇచ్చే రీఛార్జి మీద హాట్‌స్పాట్ పెట్టి టీవీలో చూద్దామనుకునే ఇంటికి ఈ ఒక్క లెక్క చాలు. అలాంటి ఇంటికి ఏ ఓటీటీ అన్న ప్రశ్న కంటే ముందు ఏ ఇంటర్నెట్ అన్న ప్రశ్న వస్తుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి 149 రూపాయలకు ఇస్తామన్న మాట వల్లనే మారుమూల పల్లెలకు తీగ మీద ఇంటర్నెట్ అన్న ఆలోచన చేరింది. ఏ కంపెనీది తీసుకున్నా, నెలకు ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గిస్తారో అడిగి తెలుసుకోవాలి. తీగ కనెక్షను లేని ఇళ్లకు, డేటా మిగిలిన రోజున ఫోనులోకి డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత చూసే వీలున్న ఫోను ప్లానే సరిపోతుంది. టీవీ ప్లాను వారికి అనవసరం.

ఇక ఏ నెలలో ఏది అన్న ప్రశ్న. సంక్రాంతికి థియేటర్లలో విడుదలైన తెలుగు సినిమాల్లో చాలావరకు నాలుగైదు వారాలు తిరిగేసరికి, అంటే ఫిబ్రవరి నడిమికి ఓటీటీల్లోకి వచ్చేస్తాయి. మీ పత్రికలోనూ ఆ వారాల్లోనే జాబితా పొడవుగా ఉంటుంది. ఇంటర్, పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు అంతకంటే చెడ్డ సమయం లేదు. కానీ ఓటీటీకి వచ్చిన సినిమా మరుసటి వారం పోయేది కాదు. థియేటర్లో అయితే ఆట మారిపోతుంది కాబట్టి తొందర పడటంలో అర్థం ఉంది; ఇక్కడ హక్కులు ఏళ్ల తరబడి కొంటారు కాబట్టి, ఫిబ్రవరిలో వచ్చింది ఏప్రిల్, మే నెలల్లో కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది. అందుచేత ఫిబ్రవరి, మార్చి నెలల్లో డబ్బు కట్టే చందా ఏదీ ఇంట్లో లేకుండా ఉంచి, పరీక్షలు అయ్యాక మొదలుపెడితే పిల్లల చదువుకూ మంచిది, డబ్బుకూ మంచిది. మా అమ్మాయితో ఈ మాట ముందుగానే చెప్పి ఒప్పించాను. ఏయే సినిమాలు చూడాలో తను ఒక కాగితం మీద రాసుకుంటోంది. సెలవుల్లో ఆ కాగితం చూసుకుని, ఎక్కువ సినిమాలు ఏ వేదికలో ఉన్నాయో ఆ నెలకు దాన్ని తీసుకుంటాం. సెలవుల రెండో నెలలో మరొకటి. పూర్తిగా తెలుగు కోసమే 2020లో మొదలైన ఆహా, ఆ తర్వాత వచ్చిన ఈటీవీ విన్, అంతకుముందునుంచీ ఉన్న సన్ నెక్స్ట్, జీ5 వంటివి ఇలా నెలకో రెండు నెలలకో తీసుకుని వదిలేయడానికి అనువైనవి.

మావారి క్రికెట్‌కు కూడా కాలం ఉంది. ఐపీఎల్ సాధారణంగా మార్చి చివర మొదలై మే చివరిదాకా సాగుతుంది, జియోహాట్‌స్టార్‌లో దాన్ని తెలుగు వ్యాఖ్యానంతో చూడవచ్చు. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలల చందా ఫోనుకు 149, రెండు పరికరాలకు 299, నాలుగు పరికరాలకు 499 రూపాయలుగా ప్రకటించారు. ఇలాంటి మూడు నెలల ప్యాకు సరిగ్గా ఆ రోజుల్లో తీసుకుంటే ఆటలూ, పిల్లల వేసవి సినిమాలూ ఒకే ఖర్చులో ముగుస్తాయి. ఆటల కోసం ఏడాదంతా కట్టాలా వద్దా అన్నది ఆ ఇంట్లో మిగతా తొమ్మిది నెలలు ఎవరు ఏమి చూస్తున్నారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

నెలకు ఒకటి రెండు సినిమాలకు మించి చూడని ఇళ్లు చాలా ఉన్నాయి. వాటికి చందా కంటే అద్దె మేలు కావచ్చునన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. మన చిన్నతనంలో టీవీ, డెక్కు, మూడు కేసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని వీధంతా కలిసి చూసేవారు. చూసినదానికే సొమ్ము, తెల్లారితే తిరిగి ఇచ్చేయడం. దుకాణం నడిపేవారికి మన ఇంట్లో పెద్దవారెవరో, పిల్లలెవరో కూడా తెలుసు కాబట్టి ఇది మీ ఇంట్లో అందరూ చూడదగినది అని చెప్పి మరీ ఇచ్చేవారు. ఆ అద్దె పద్ధతి ఇప్పుడు వేరే రూపంలో ఉంది. ప్రైమ్ వీడియో 2022 ఏప్రిల్‌లో మన దేశంలో విడి సినిమాలను అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పిన రేట్లు 69 నుంచి 499 రూపాయల వరకు. దీనికి ప్రైమ్ సభ్యత్వం అక్కరలేదు. అద్దె కట్టిన 30 రోజుల్లోపు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో చూడడం పూర్తిచేయాలి. యూట్యూబ్‌లో అద్దెకు దొరికే సినిమాలకూ సాధారణంగా ఇవే గడువులు. రాష్ట్ర ఫైబర్‌నెట్ కూడా 2023 జూన్‌లో కొత్త సినిమాను విడుదల రోజునే 99 రూపాయలకు 24 గంటలపాటు ఇంట్లో చూసే పథకాన్ని విశాఖపట్నంలో ప్రారంభించింది. నాకు ఈ పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది. శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం ముగించగలిగే ఇంటికి 48 గంటలు చాలు. అరగంట చొప్పున వారమంతా చూసే అలవాటున్న ఇంటికి మాత్రం అద్దె పనికిరాదు. చందా కట్టి ఉన్న వేదికలోనే కొన్ని సినిమాలు అద్దె గుర్తుతో కనిపించడం వల్ల, ఇప్పటికే కట్టాం కదా మళ్లీ ఎందుకు అడుగుతున్నారని చాలామంది కంగారు పడతారు. మీ జాబితాలో ఆ సినిమా పక్కన ‘అద్దె’ అని ఒక్క మాట ఉంటే ఆ కంగారు ఉండదు.

ఇంట్లో పెద్దవారి సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏ చందా కట్టాలన్నది పిల్లలు చెబుతారు, డబ్బు కట్టేది మనం, పగలంతా టీవీ ముందు ఉండేది మాత్రం అత్తయ్యగారు. యాప్ తెరవగానే ఇంగ్లిషు అక్షరాలు, వరుసగా పది బొమ్మలు. ఏది నొక్కితే ఏమి వస్తుందో ఆవిడకు తెలియదు. “ఆ గోలంతా ఎందుకే, పాత సినిమా ఒకటి పెట్టి పోవే” అంటారు. ఆవిడ కోరే పాత తెలుగు సినిమాలు ఎన్నో హక్కులున్న సంస్థలే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాయి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే తన ఓటీటీని ప్రారంభించింది. అందులోనూ పైసా కట్టకుండా చూడగలిగినవి ఉన్నాయి. పెద్దవారి కోసం చందా అవసరం చాలావరకు లేదని, వారికి కావలసింది తెలుగులో మాట్లాడితే వెతికి పెట్టే రిమోటు, దాన్ని ఓపికగా నేర్పే మనవడు అని నేను అనుభవంతో చెప్పగలను. మా అబ్బాయి నేర్పాక ఆవిడ ఇప్పుడు సినిమా పేరు తానే చెప్పి పెట్టుకుంటున్నారు. కొత్త చందా తీసుకునేటప్పుడు తెలుగులో వెతికితే దొరుకుతుందా, పరభాషా చిత్రాలకు తెలుగు మాటలు ఉన్నాయా అని నెల మొదటి రోజునే పెద్దవారి చేత రిమోటు పట్టించి చూడాలి. ఆవిడ వాడలేని యాప్‌ను నేను రెండో నెలకు పొడిగించను.

ఒకే హాలు, ఒకే టీవీ ఉన్న ఇంట్లో వయసు వర్గీకరణ చాలా ముఖ్యం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనలు ఓటీటీ వేదికలన్నీ తమ చిత్రాలను యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని వర్గీకరించి చూపించాలని, 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని చెప్పాయి. థియేటర్లో సెన్సారు సర్టిఫికెట్ తెర మీద పడుతుంది; ఇంట్లో ఆ గుర్తు ఒక మూల చిన్న అక్షరాల్లో కనిపించి మాయమవుతుంది. చందా తీసుకున్న రోజునే పిల్లలకు విడి ప్రొఫైల్ పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టడం తప్పనిసరి. వర్గీకరణ మీ జాబితాలోనే కనిపిస్తే, మామ్మా మనవలూ కలిసి కూర్చున్నాక మధ్యలో ఆపి లేవవలసిన పరిస్థితి చాలా ఇళ్లలో తప్పుతుంది.

డబ్బు కట్టక్కరలేని దొంగ యాప్‌ల గురించి ఒక్క మాటతో ముగిస్తాను. అవి చట్టవిరుద్ధం, వాటితో ఫోనులోకి ఏమేమి చేరుతాయో ఎవరికీ తెలియదు, మన ఇంటి బ్యాంకు ఖాతా కూడా అదే ఫోనులో ఉంటుంది.

మన ఖాతాలోంచి సొమ్ము నెలనెలా తనంత తానే వెళ్లే ఆటోపే ఏర్పాటు విషయంలో మాత్రం వివరంగా రాయక తప్పదు. మా వీధిలో ఒక పెన్షనరు ఖాతాలోంచి ఒక ఓటీటీ పేరున నెలనెలా సొమ్ము పోతూ వచ్చింది. వేసవిలో వచ్చిన మనవడు నామమాత్రపు రుసుముతో కొన్నాళ్లు చూడవచ్చన్న ప్రకటన చూసి ఆయన ఫోనులో అనుమతి ఇచ్చి వెళ్లాడు. గడువు ముగిశాక పూర్తి చందా తనంత తానే పడుతోంది. ఆయన ఇంట్లో ఆ యాప్‌ను తెరిచేవారే లేరు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, 2021 అక్టోబరు నుంచి, ఇలా పదేపదే పడే సొమ్ముకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం పంపాలి, అందులో ఎవరికి ఎంత వెళ్తోందో ఉండాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలు ఉండాలి. 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. సందేశం వస్తుంది, కానీ ఇంగ్లిషులో వస్తుంది, బ్యాంకు పంపే పదిరకాల సందేశాల మధ్య కలిసిపోతుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే భాగం తెరిస్తే మనం అనుమతి ఇచ్చినవన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కడే ఆపవచ్చు, రద్దు చేయవచ్చు. యాప్‌ను ఫోనులోంచి తీసేస్తే చందా ఆగిపోతుందని చాలామంది నమ్ముతున్నారు, ఆగదు. చందా రద్దు చేయడాన్ని కావాలని కష్టతరం చేయడాన్నీ, ఉచిత చందాకు కూడా బ్యాంకు వివరాలు ఇచ్చి తీరాలనడాన్నీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషిద్ధమైన 13 మోసపు పోకడల్లో ఒకటిగా చేర్చింది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. మా ఇంట్లో చందా కట్టిన రోజునే ఆటోపే రద్దు చేస్తాం. కట్టిన నెల పూర్తయ్యేదాకా సినిమాలు వస్తూనే ఉంటాయి, ఆ తర్వాత కావాలనుకుంటే మళ్లీ కడతాం. ఇలా చేస్తే ప్రతి నెలా మళ్లీ ఒకసారి ఆలోచించుకునే అవకాశం ఇంటివారి చేతిలో ఉంటుంది.

మీకు నా విన్నపం ఇది. వారం వారం వేసే జాబితాలో సినిమా పేరు, తేదీ, వేదికలతో పాటు ఒక చిన్న వరుసలో చందానా అద్దెనా, టీవీలో చూడగలిగే కనీస ప్లాను ధర ఎంత, తెలుగు మాటలు ఉన్నాయా, వయసు వర్గం ఏమిటి అన్న నాలుగు వివరాలు చేర్చండి. నెలకొకసారి అన్ని వేదికల రేట్లూ, ఒకేసారి చూడగల తెరల సంఖ్యా, ప్రకటనలు ఉన్నాయో లేవో ఒక పట్టికగా వేస్తే ఇంటివారు దాన్ని కత్తిరించి దాచుకుంటారు. ఫోను రీఛార్జి ప్యాకుల ప్రకటనలు మీ పత్రికలోనే వస్తుంటాయి. వాటిలో చెప్పే ఓటీటీ టీవీలో పనిచేస్తుందో లేదో మీ విలేకరులు కంపెనీలను అడిగి రాస్తే ఇంకా మంచిది. ఆటోపే రద్దు చేసే విధానాన్ని తెలుగులో, తెర మీద కనిపించే బొమ్మలతో సహా జిల్లా అనుబంధంలో ఒకసారి ప్రచురించండి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం మూడు జిల్లాల్లోనూ పిల్లలు వలస ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లు పత్రికను ఆసాంతం చదువుతారు, ఫోనులో వచ్చే షరతులను చదవరు. వేసవి సెలవులకు ఎక్కువమంది కొత్త చందాలు తీసుకుంటారు కాబట్టి, ఏప్రిల్ మొదటి వారం నాటికే ఈ పట్టిక మొదలుపెట్టగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం.